అత్తమ్మ కొంగు

వణుకుడు జబ్బు వచ్చినప్పటి నుంచి మా అత్తమ్మకు నోట్లో లాలాజలం నిలవడం లేదు. ఎప్పుడూ కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుంటుంది. ఒకసారి ముద్దు పెడితే మా చిన్నది చెంప తుడుచుకుంది. ఆ రోజు నుంచి ఆమె దాన్ని దగ్గరికి తీసుకోలేదు.

పోయిన వారం ఇక్కడే బీదర్‌లో చెవి, ముక్కు, గొంతు డాక్టరు లాలాజలం ఊరే గ్రంథుల్లో బొటాక్స్ సూది వేశారు. గుణం కొన్ని నెలలే ఉంటుందని, మళ్లీ వేయించాలని చెప్పారు.

ఈ రోజు మధ్యాహ్నం పక్కింటి సుగుణమ్మ వచ్చి నవ్వింది. "గది ముడతలు పోనీకి ఏసే సూది గదా పెద్దమ్మా. ఈ వయసుల నీకెందుకు?"

అత్తమ్మ కొంగు పక్కకు తీసింది. "ముడతలు ఉండనియ్యి బిడ్డా. పొల్లను ముద్దు పెట్టుకుంటే దాని చెంప తడవకుంటే సాలు."

చిన్నది బడి నుంచి రాగానే అత్తమ్మ పిలిచి ముద్దు పెట్టింది. అది చెంప తుడుచుకోకుండానే ఆడుకోవడానికి పోయింది.

సాయంత్రం అత్తమ్మ విడిచిన చీర నానబెట్టబోతూ చూశాను, కొంగు పొడిగా ఉంది. అయినా అలవాటు కొద్దీ సబ్బు పెట్టి ఉతికేశాను. ఈ ఒక్క రోజు అలాగే మడత పెట్టి ఉంచాల్సిందేమో. మీరైతే ఏం చేసేవారు?