నా తెల్లబట్ట మీద చచ్చిన చుక్క

నేను పోయినప్పుడు నా మీద కప్పడానికి ఒక తెల్లబట్ట పెట్టెలో దాచుకున్నాను. ఆ సంగతి మా వాడకట్టులో అందరికీ తెలుసు. మా ఇంటాయన ఒకే పడుగు మీద రెండు బట్టలు నేశాడు, తనకొకటి, నాకొకటి. తనది తాను కప్పుకొని పోయాడు. నాది ప్రతి ఎండాకాలం తీసి, ఆరబెట్టి, కొత్త వేపాకు వేసి మళ్లీ పెట్టెలో పెడతాను. చావు చెప్పి రాదు. ఆ రోజు ఏడ్చుకుంటూ బజారుకు పోతే దుకాణంవాడు చెప్పిందే ధర.

ఆ బట్ట మీద నాకంటే ముందు ఒక చుక్క చచ్చిపోయింది.

తెలంగాణ వచ్చిన ఏడు హైస్కూల్లో చేరిన మా మనవరాలు ఎమ్మెస్సీ దాకా చదివి, ఇంకా చదువుతానంది. ఎక్కడో దూరాన సీటు వచ్చింది. చదివేది ఆకాశంలోని బ్లాక్ హోల్స్ గురించట. పుస్తకాల్లో కృష్ణబిలాలు అని రాస్తారు. నా కొడుకు, అంటే దాని బాపు, వద్దన్నాడు. చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో కొలువు చూస్తానన్నాడు.

"బిడ్డ ఏం చదువుతాందని మనోళ్లు అడిగితే ఏం చెప్పాలె? ఆకాశంల బొందల గురించి అని చెప్పాల్నా?"

"అదే చెప్పు బాపు. అదే నిజం."

"నాకే సమజ్ కాలే, వాళ్లకేం చెప్త? మన వాడకట్టోళ్లు అచ్చి కూసోని, నువ్వు చెప్పేది ఆఖరిదాక ఇంటే, అప్పుడు పంపిస్త పో."

ఎవరూ రారన్న ధీమాతోనే ఆ మాట అన్నాడు. మగ్గం దిగి వచ్చి పాఠం వినే తీరిక మా వాడకట్టులో ఎవరికుంది?

నేను ఎవరి పక్షమూ పట్టలేదు. చదివింది రెండో తరగతి. ముందు నాకు చెప్పు, తర్వాత చూద్దాం అన్నాను.

"పెద్ద చుక్క ఒకటి కాలీ కాలీ సచ్చిపోతదవ్వా. సచ్చినంక దాని బరువుకు అదే లోపటికి కూలి, గింత చిన్నగైతది. ఇగ అండ్ల పడ్డది ఏదైనా మళ్ల బయటికి రాదు. ఆఖరికి ఎలుతురు గూడ."

"గంతేనా? మా అత్త పెట్టె గూడ గట్లనే ఉండె."

"మరి నీ పెట్టె?" అని నవ్వింది. నాకు వినబడలేదు.

ఆదివారం పొద్దున పాఠం చెప్పడానికి మనవరాలు చేనేత సంఘం హాలు అడిగి పెట్టుకుంది. ఒక పెద్ద బట్టకు నలుగురు నాలుగు కొసలు పట్టుకుంటే, నడుమ ఇనుప గుండు పెట్టి గోలీలు వదులుతుందట. బరువున్న చోట జాగా ఎలా వంగుతుందో చూపడానికట. మా ఇంట్లోవన్నీ పువ్వుల దుప్పట్లు. వాటి మీద గోలీ ఎటు పోయిందో కనబడదు. టెంట్‌హౌస్ వాడు తెల్లబట్ట కిరాయికిస్తానన్నాడు. కిరాయి అన్న మాట వినగానే నేను లేచి పెట్టె తెరిచాను.

"గిది నీ... గా బట్ట గదవ్వా?" అంది, ముట్టుకోవడానికి జంకుతూ.

"నేను ఇయ్యాల పోతలేను. మాపటికి మడతపెట్టి తెచ్చియ్యి. మరకైతే నీకే కప్పుత."

ఆదివారం నేను ముందే హాలుకు వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. ఇంట్లో ఫ్యాను తిప్పుకోవడం కంటే సంఘం ఫ్యాను కింద కూర్చోవడం మేలు. వెనకాల మనవరాలు బట్టను రెండు చేతుల మీద పరుచుకొని వీధి వెంట వచ్చింది. మడత నలగకూడదని నేనే అలా పట్టుకొమ్మన్నాను. వాకిట్లో ఉన్న ఎదురింటామె ఆ బట్టను చూసింది. మా గడప మీద చూస్తే నేను లేను. ఆ వేళప్పుడు నేను గడప మీద లేకపోవడం ఆమె ఎన్నడూ ఎరగదు. పిల్ల మొహం చూస్తే, పాఠం భయానికి, తెల్లగా పాలిపోయి ఉంది.

"అయ్యో వదినె!" అని ఒక్క కేక పెట్టిందట. పాఠం నెమరేసుకుంటూ పోతున్న పిల్లకు అది చెవిన పడలేదు. మిగతా వీధికంతా పడింది. మగ్గాలు ఆగిపోయాయి. నేను పోయానన్న కబురు ఫోన్లకెక్కి చౌటుప్పల్‌లో ఉన్న మా చెల్లెలి దాకా పోయింది.

ఇక్కడ హాల్లో వినడానికి నేనొక్కదాన్నే. మనవరాలి స్నేహితురాళ్లు నలుగురూ కొసలు పట్టారు. గుండు నడుమ పెట్టగానే బట్ట బరువుగా కిందికి దిగింది. "గట్టిగ గుంజకుర్రి, పోగులు జరుగుతయి" అంటున్నాను, అంతలో నా కొడుకు గుమ్మంలోకి ఉరికొచ్చాడు. వాడికి కనబడింది నలుగురు మనుషులు, తెల్లబట్ట, నడుమ బరువు.

"అమ్మా!" అని గడపలోనే కూలబడ్డాడు. "నిన్న బత్తాయిలు దెమ్మంటివి, తేకపోతినమ్మా! గింత చిన్నగైపోతివేందే!"

వాడి వెనక వాడకట్టంతా గొల్లుమంది.

"లెవ్వురా," అన్నాను కుర్చీలోంచి. "నేను గీడున్న. గది ఇనుప గుండు."

నన్ను చూసి ఎదురింటామె ఇంకో కేక పెట్టింది. తర్వాత తిట్టడం మొదలుపెట్టింది. "బతికుంటే చెప్పాలె గద వదినె! పొయ్యి మీద కూర ఇడిసిపెట్టి ఉరికొచ్చిన!"

"బతికున్ననని రోజు డప్పు గొట్టించాల్నా?"

జనం వెనక్కి తిరగబోయారు. నేను వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. మాలో చావుకు వచ్చినవాళ్లు పీనుగ లేచేదాకా కదలకూడదు.

"సావుకచ్చి నడుమల పోతరా? సచ్చింది చుక్క. నా మనవరాలు చెప్తది. కూసోండ్రి."

కూర్చున్నారు. మనవరాలు గోలీలు వదిలింది. అవి గుండు చుట్టూ తిరిగి తిరిగి దానికే వెళ్లి తగులుతుంటే, కళ్లు తుడుచుకుంటున్నవాళ్లే మెడలు చాచి చూశారు. ఆ తర్వాత ఒక పోగు ఎత్తి పట్టింది.

"దూరంకెల్లి చూస్తే గిది గీత లెక్కనే ఉంటది. చీమకైతే దీని చుట్టు తిరగనీకె గూడ తొవ్వ ఉంటది. గట్లనే పొడుగు, అడ్డం, ఎత్తు గాక ఇంకొన్ని దిక్కులు మనకు కానరాకుంట చుట్టుకోని ఉన్నయేమో అని లెక్కలు కడుతుండ్రు. ఇంకా ఎవ్వలు తేల్చలే."

"తేలినంక చెప్పు బిడ్డా," అంది ఎదురింటామె. "మా కోడలి బీరువ అండ్ల పెట్టిద్దాం. ఇంట్ల జాగ లేదు."

పాఠం అయిపోతుండగా మా చెల్లెలు ఆటో దిగింది. రోడ్డు మీది నుంచే శోకం. నా మీద కప్పడానికి కొత్త చీర తెచ్చింది. నన్ను చూసి నీళ్లు తాగి, చీర సంచిలో పెట్టుకోబోయింది.

"సావుకు తెచ్చిన బట్ట వాపసు తీస్కపోతరానే?" అని అందుకున్నాను.

"నువ్వు సావలేదు గదక్కా!"

"తెచ్చినవ్ గద."

ఆ తర్వాత కొడుకు వైపు తిరిగాను. "ఆఖరిదాక కూసున్నరు గదరా?"

"వాళ్లు సావుకని అచ్చిండ్రమ్మా."

"దేనికి రావాల్నో నువ్వు చెప్పినవా?"

వాడు అందరి మొహాలూ చూశాడు. ఎవరూ వాడి వైపు లేరు. "నన్ను అడుగు, మొత్తం చెప్త," అంది ఎదురింటామె. వాడు తువ్వాలతో మొహం తుడుచుకొని, "ఎన్నడు పోవాలె బిడ్డా?" అన్నాడు.

చెల్లెలి చీర మనవరాలితో వెళ్లింది. చెల్లెలు ఇంకా దాన్ని వాపసు అడుగుతూనే ఉంది. నా బట్టను ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయించినా నడుమ గుండు దిగిన లొత్త పోలేదు. అది సరిగ్గా నా పొట్ట మీదికి రావాలని కొడుక్కు చెప్పి పెట్టాను. వాడిప్పుడు అడగకుండానే బత్తాయిలు తెస్తున్నాడు.

మొన్న మనవరాలు ఫోన్ చేసింది. "అవ్వా, బ్లాక్ హోల్ల కెల్లి గూడ శానా నెమ్మదిగ కొంచెం కొంచెం బయటికి అస్తదని లెక్కలల్ల ఉన్నది."

"ఎంత నెమ్మదిగ?"

"లోకం పుట్టినకాడికెల్లి గీ నాటిదాక అయిన కాలం గూడ సాలదు."

"అయితే మీ చిన్నవ్వకు జెప్పు," అన్నాను. "చీర గప్పుడు ఇస్త."