కంచం మీద చెయ్యి

నా దస్తూరీ కోడి గీకినట్టుంటుంది. మలయాలో రబ్బరు తోట బడిలో ఆరో తరగతితో చదువు ఆగింది. వత్తులూ దీర్ఘాలూ తప్పితే పత్రికవారు దిద్దుకోవాలి, మీరు మన్నించాలి. పోయిన నెల మా మలాయి అన్న పోయాడు. ఆయన కొడుకు ఫోను చేసి చెప్పాడు. నేను "ఊఁ" అన్నాను. ఆయనకి ఆ "ఊఁ" చాలదని ఇది రాస్తున్నాను.

ఆయన మలాయి జాతివాడు, నాకు చుట్టం కాదు. మెర్డెకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది, తోటల కుర్రాళ్లు మలాయి పల్లెల్లో, ఆ పల్లెల కుర్రాళ్లు మన కూలీల లైను ఇళ్లలో పదేసి రోజులు ఉండాలని యువజన సంఘంవాళ్లు ఏర్పాటు చేశారు. దాన్ని మార్పిడి అన్నారు. ఇప్పటి పిల్లలు మార్పిడికి విమానమెక్కి జపాను వెళ్తున్నారు. మాది ఆరు మైళ్లు, సైకిలు మీద. అడవిలోని కమ్యూనిస్టుల మీద తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా పోలేదు. తోట చుట్టూ ముళ్లకంచె, గేటు దగ్గర సోదా. అడవిలోవాళ్లకి చేరకుండా బియ్యం శనివారం శనివారం కొలిచి ఇచ్చేవారు.

అన్నకి ఇరవై ఒకటి, నాకు పందొమ్మిది. ఆయన కోసం మా అమ్మ కొత్త కుండ, కొత్త కంచం కొని చేపల కూర వండింది. ఆయన మెతుకు మిగల్చకుండా తిన్నాడు. కంచం ఖాళీ అయితే మన ఆడవాళ్లు ఊరుకుంటారా? అమ్మ మళ్లీ వడ్డించింది. ఆయన మళ్లీ తిన్నాడు. పూటపూటా ఇదే వరస.

"ఏట్రా, ఆళ్లింటికాడ అన్నమెట్టరేటి?" అని అమ్మ వంటింట్లో గుసగుసలాడింది.

"ఎట్టు, ఎట్టు. మనం పెండలం తింటాం లా," అన్నాడు నాన్న, బియ్యం డబ్బాలోకి తొంగి చూస్తూ. మలాయివాళ్ల "లా" మా మాటల చివర అప్పటికే అంటుకుపోయింది.

నాలుగో రోజుకి డబ్బా అడుగు కనిపించింది. శనివారానికి ఇంకా మూడు రోజులు. ఇంటికొచ్చినవాడికి అన్నం లేదనాల్సి వస్తుందేమోనని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ సంగతి అన్నకి చెప్పాల్సింది నేను. నాకు మలాయి భాష వచ్చు. నోరే రాదు.

ఆ మధ్యాహ్నం అన్న చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చి, నాన్నా నేనూ ఉడికిన పెండలం నములుతుంటే చూశాడు. ఇదేమిటన్నాడు.

"నువ్వు కంచం ఖాళీ చేస్తే అమ్మ వడ్డిస్తూనే ఉంటుంది," అన్నాను నేల చూస్తూ. అప్పటిదాకా నేను పరాయివాళ్లతో అంత పొడుగు మాట ఆడలేదు.

 అన్న, ప్యాంటు గుండీ పట్టక రెండు రోజులుగా లుంగీలాంటి సారాంగే కడుతున్నానని చూపించాడు. "వదిలేస్తే మీ అమ్మ బాధపడుతుందని ఏడవలేక తింటున్నాను రా!" అన్నాడు. నాన్న పొలమారేదాకా నవ్వాడు.

మర్నాడు అమ్మ గరిటె ఎత్తగానే ఆయన రెండు చేతులూ కంచం మీద బోర్లించి, నేను నేర్పిన మాట అన్నాడు. "సాలు లా, అమ్మా!"

"ఏటి బాబూ, కూర బాగోలేదేటి?" అని అమ్మ హడలిపోయింది.

తర్వాత నా వంతు. వాళ్లింట్లో మొదటి గరిటె పడకముందే సిగ్గు కొద్దీ నేను కంచం మీద చెయ్యి పెట్టేశాను. నా కోసం ఆ పది రోజులూ గొడ్డుమాంసం ఇంట్లోకి రానివ్వని తల్లి, అన్న వాళ్లమ్మ. తన వంట ముట్టననుకుని ముఖం చిన్నబుచ్చుకుంది. అన్న నా మణికట్టు పట్టి చెయ్యి లాగేశాడు. "పెట్టమ్మా. వీడికి ఆకలుంది, నోరు లేదు."

అది మొదలు అరవై ఏళ్ల పైచిలుకు, పెళ్లిళ్లలో, పండగల్లో నేను చెయ్యి పెట్టడం, ఆయన లాగడం. "సిగ్గుని చెప్పులతో పాటు గుమ్మం బయట వదిలి రా," అనేవాడు.

అన్న పోయిన ఏడో రోజు వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. చెప్పులు బయట వదిలాను. వదిన అన్నం తెచ్చింది. అలవాటుగా కంచం మీద చెయ్యి పెట్టాను. ఎవరూ లాగలేదు. ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. అన్నం ఆవిరి నా చేతికి తగులుతూ ఉంది.

ఆ మార్పిడికి వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే నాకో ముక్క రాయండి. నాకు ఎనభై ఏడు దాటాయి. సిగ్గుపడకండి, త్వరగా రాయండి.