మామ అమ్మిన తొట్టికారు

మా మామ, అంటే మా ఆయన తండ్రి, పోయిన నెలలో చనిపోయారు. మా ఊరు ఖేడ్‌లో కంగ్టి రోడ్డు మీద ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఆయనదే. పొద్దున చాయ్ తాగి, "ఇంకింత వోసుకరా బిడ్డా" అని నాతో అన్నారు. నేను తెచ్చేలోపల కుర్చీలో కూర్చున్నట్టే వెళ్లిపోయారు. నేను నర్సును. చావులు చూడనిదాన్ని కాదు. అయినా వేడి కప్పు చేతిలో పట్టుకుని, నాడి చూడాలన్న సంగతి కూడా తోచక నిలబడిపోయాను. వచ్చినవాళ్లంతా మంచి చావు అన్నారు. పోయినవారికి మంచిదే కావచ్చు, ఉన్నవాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఆయన గురించి మీకు చెప్పాలంటే ఒక కారు గురించి చెప్పాలి. అది నడవని కారు. పోయేముందు ఆయన దాన్ని అమ్మారు.

నేను కోడలిగా రాకముందే ఆ కారు ఈ ఇంటికి వచ్చింది. ట్రాక్టరుకు ట్రాలీ కొందామని బీదర్ వెళ్లిన మనిషి, ట్రాలీ కొని, దాని మీద కారును ఎక్కించుకుని వచ్చారట. ఎవరిదో పాత బంగళా పడగొడుతుంటే కొట్టంలో దొరికిందట, అందులో కోళ్లు గుడ్లు పెడుతున్నాయట. ఇంగ్లండులో తయారైన స్పోర్ట్స్ కారు. ఇద్దరికే చోటు, పైకప్పు లేదు. మా అత్త దాని చుట్టూ తిరిగి చూసి, "బర్లకు కుడితి వోసేటందుకు తొట్టి తెచ్చినవా?" అని అడిగింది. అంతే, ఊరంతటికీ అది తొట్టికారు అయిపోయింది. మామకు కోపం రాలేదు. "తొట్టే, గని ఉర్కే తొట్టి" అనేవారు. అది ఉరకగా చూసినవాళ్లు మాత్రం ఖేడ్‌లో ఒక్కరూ లేరు.

రోజంతా ట్రాక్టర్లు, సాయంత్రమైతే కారు. ఒక్కో సామాను విప్పి, తుడిచి, నూనె పోసిన జాడీలో దాచేవారు. ఆ జాడీలు మా అత్త ఊరగాయ జాడీలు. ఎండాకాలం వచ్చిందంటే పంచాయితీ మొదలయ్యేది. "మామిడికాయ తొక్కు దేంట్ల వెట్టాలె, నీ ఇంజన్ల వెట్టాల్నా?" అని అత్త గొంతు పెంచితే, ఆయన వాళ్ల ఇంటి కన్నడంలోకి దిగి "నిధాన, నిధాన" అనేవారు, మెల్లగా అని. బోల్టు బిగించేటప్పుడు కూడా అదే మాట.

ఆ కారు పనిలో ఆయన ఆరితేరినవారని నేను చెప్పను. ట్రాక్టరుకు అలవాటుపడ్డ చేతులవి, సన్నని బోల్టులు పుటుక్కున తెగిపోయేవి. ఒకసారి తుప్పు పూర్తిగా తీయకుండానే ఎర్ర రంగు కొట్టేసి, వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయారు. వానలు పడేసరికి రంగు పొక్కులు లేచింది. మళ్లీ మొదటి నుంచి గీకుతూ కూర్చున్నారు. మా ఆయన ఎగతాళి చేస్తే, "నేను గొట్టిన రంగు నేనే గీకుతున్న, నీకేంది పరేషాన్?" అన్నారు.

దసరా నాడు చూడాలి ఆయన హడావిడి. ఆయుధ పూజకు ట్రాక్టర్లతో పాటు తొట్టికారుకూ బొట్లు, బంతిపూల దండ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవారు. ట్రాక్టర్లయితే వాటంతట అవి తొక్కుకుంటూ పోతాయి, మరి ఈ కారు ఎట్లా పోతుంది? గల్లీ గల్లీని పిలిచేవారు. పట్టుచీర కట్టుకున్న మా అత్తతో సహా అందరం వెనక నుంచి తోస్తే, నిమ్మకాయలు చితికేదాకా అది జరిగేది. "ఇగో, ఈ యేడు గూడ నడిచింది" అని మామ అందరికీ పాలకోవా పేడాలు పంచేవారు.

ఆ కారుకు నేను రుణపడి ఉన్నాను. నాకు కంగ్టి దవాఖానలో ఉద్యోగం వచ్చినప్పుడు, ఆటోల కోసం గంటలు గంటలు నిలబడాల్సి వచ్చేది. కారు నేర్చుకుంటానంటే మా ఆయన, "గా రోడ్డు మీద నువ్వేం నడ్పుతవ్?" అని కొట్టిపారేశారు. మామ నన్ను తీసుకుపోయి తొట్టికారులో కూర్చోబెట్టారు. పక్క సీటు లేదు, నూనె డబ్బా బోర్లించి దాని మీద తాను కూర్చున్నారు. ఇంజను కూడా అప్పుడు బయటే ఉంది. నేను క్లచ్ వదులుతుంటే ఆయనే నోటితో ఇంజను చప్పుడు చేసేవారు. సరిగ్గా వదిలితే ఆ చప్పుడు సాగేది. తొందరపడితే ఠక్కున ఆగిపోయి, "బంద్ వడ్డది. మళ్ల జెయ్" అనేవారు. షెడ్డుకు వచ్చిన రైతులు పడీపడీ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

"నవ్వనియ్యి బిడ్డా. రేపు ఈళ్లే నిన్ను ఆపి ఎక్కించుకో అంటరు" అన్నారు మామ.

ఆ రైతులే తర్వాత అట్లా అన్నారు కూడా. ఈరోజు నా బండి నేనే నడుపుకుంటూ డ్యూటీకి పోతున్నానంటే అది ఆయన పుణ్యమే. కన్నతండ్రి చేయని పని ఆయన చేశారు.

పోయిన ఏడాది ఆయనకు ఆయాసం మొదలైంది. పానా నాలుగు తిప్పులు తిప్పితే కూర్చుండిపోయేవారు. ఒకరోజు నన్ను పిలిచి, "ఇగ నాతోని గాదు బిడ్డా. నడిపేటోనికి అమ్ముదాం. నువ్వే జూడు, నా కొడుకైతే పాత ఇన్ముకు ఏస్తడు" అన్నారు. నేను ఫోనులో ఫోటోలు పెట్టాను. జనం రానైతే వచ్చారు. ఒకాయనకు చక్రాలు, లైట్లు చాలట. ఇంకొకాయనకు ఫంక్షన్ హాలు ముందర పెట్టి, పెళ్లిజంటలను అందులో కూర్చోబెట్టి ఫోటోలు తీయించాలట.

"కూసునేటందుకైతే సోఫా కొనుక్కో అను. బండి నడ్వాలె" అని మామ లోపలికి వెళ్లిపోయారు.

వచ్చిన ప్రతివారికీ ఆయన ముందు లోపాలే చెప్పేవారు. ఎక్కడ తుప్పు తిన్నది, ఏ బోల్టు తాను తెంపింది, ఏది దొరకలేదు, అన్నీ. సగం మంది అక్కడికక్కడే తిరిగిపోయారు. నేను విసుక్కుంటే, "ఎద్దు తంతదంటే తంతదని చెప్పే అమ్మాలె" అన్నారు.

చివరికి సికింద్రాబాద్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. రైలు ఇంజన్లు నడిపి రిటైరైన మనిషి. వచ్చీరాగానే తెల్లచొక్కాతోనే కారు కిందికి దూరి, చాలాసేపటికి నల్లగా బయటికి వచ్చి నవ్వారు. మామకు ఆయన ఎంత నచ్చారో మొహం చూస్తే తెలిసిపోయింది. మామ చిన్నప్పుడు వాళ్ల నాయినతో పశువుల సంతలు తిరిగినవారు, ఆ అలవాటుతో భుజం మీది కండువా తీసి ఇద్దరి చేతుల మీద కప్పారు. సంతలో ధర నోటితో చెప్పరు, కండువా కింద వేళ్లు పట్టి చెబుతారు. పట్నం మనిషికి అదేం తెలుసు? కారును వదులుకోలేక ముసలాయన చెయ్యి పట్టుకుంటున్నారనుకుని, తన రెండు చేతులతో ఆ చేతిని గట్టిగా పట్టుకున్నారు. "నేను నడిపిస్త సాబ్. మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అన్నారు, కళ్లలో నీళ్లతో.

మామ కండువా తీసి మొహం తుడుచుకుని నావైపు తిరిగి, "గిట్ల చెయ్యి వట్టుకున్నోనితోని ఏం బేరం జేస్తం బిడ్డా? ఆయనకు తోచింది ఇయ్యమను" అన్నారు. లారీ మాట్లాడుకుని వస్తానని పెద్దమనిషి వెళ్లారు. ఆ లారీ రాకముందే మామ పోయారు.

దినాలు అయ్యాక ఆ పెద్దమనిషి ఫోన్ చేస్తే, మా ఆయన అడ్డం తిరిగారు. "అమ్మేది లేదు. నాయిన గుర్తు. అద్దాల రూమ్ కట్టి పెడ్త" అన్నారు. చిన్నప్పటి నుంచి ఆ కారంటే ఆయనకు పడదు. నాయిన సాయంత్రాలన్నీ అదే మింగిందని కోపం, ఒక్కరోజు కూడా అందులో కూర్చోలేదు. నడిచేటందుకే కదా మామ ఇచ్చింది అని నేనంటే, "ఆయన నాకు నాయిన. నీకేం దెల్సు?" అన్నారు. ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. నాకు ఆయన ఏమీ కారా?

అత్త లోపలికి పోయి, కారు సామాన్లున్న జాడీలు ఒక్కొక్కటే తెచ్చి వాకిట్లో పెట్టింది. అన్నీ పెట్టాక కొడుకుతో, "మాటిచ్చింది మీ నాయిన. అది తిప్పేటందుకు నువ్వెవలు, నేనెవల్ని?" అంది.

లారీ వచ్చింది. పలకలు వేసి కారును పైకి తోయడానికి జనం కూడారు. "ఎవరన్న లోపల కూసొని స్టీరింగ్ వట్టుకోవాలె" అని సికింద్రాబాద్ పెద్దమనిషి కేకేశారు. ఎవరూ కదలకముందే, దూరంగా నిలబడ్డ మా ఆయన వచ్చి ఎక్కి కూర్చున్నారు. తోశాం. కారు పైకెక్కింది, తాళ్లు కట్టారు. ఆయన మాత్రం దిగలేదు. డ్రైవర్ ఏదో అనబోతే పెద్దమనిషి చెయ్యి అడ్డం పెట్టి, "రానియ్యి, చౌరస్తా దాక రానియ్యి" అన్నారు.

లారీ మెల్లగా కదిలింది. దాని మీద తొట్టికారు, అందులో మా ఆయన. షెడ్డు దాటాక మలుపు వచ్చింది. లారీ తిరుగుతుంటే, ఆయన కూడా స్టీరింగ్ తిప్పారు.