ఉస్తాద్ ఒక్క మాటతో పోయిన నౌకరీ

ఈ రోజు నాకు మొదటి లారీ నౌకరీ చేతికొచ్చి పోయింది. పోగొట్టింది నాకు డ్రైవింగ్ నేర్పిన ఉస్తాదే.

నేను డ్రైవింగ్ స్కూలు మొహం చూడలేదు. ఉస్తాద్ నడిపే లారీ మీద క్లీనర్‌గా ఉంటూనే స్టీరింగ్ పట్టిన, లైసెన్సు తీసుకున్న. శక్తినగర్‌లో కరెంటు ప్లాంటు బూడిద తోలే లారీల సావుకార్ యార్డుకు పొద్దున పోతే, రెండు ట్యాంకర్ల నడుమ రివర్స్ పెట్టించి చూసి, "సెయ్యి మంచిగుంది" అన్నడు. మా లారీలోళ్లల్ల స్కూలు కాగితం ఎవరూ అడగరు, ఉస్తాద్ మాటే సర్టిఫికెట్. సావుకార్ ఆయనకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టిండు.

"మంచిగ నడుపుతడు సావుకార్," అన్నడు ఉస్తాద్. "కానీ ఎవడన్నా సైడ్ కొట్టి ముందుకు పోతే ఊకోడు, ఎంటపడతడు. లోడు బండి ఇప్పుడే ఇయ్యకు."

నేను ఫోన్ గుంజుకొని అరిచిన. "ఇన్నేండ్లు నీ బండి కడిగింది గిందుకేనా ఉస్తాద్?"

"కడిగినవ్ బేటా. రేపు ఏమన్నా అయితే మీ అమ్మకు నేనే కదా జవాబు చెప్పాలె. ఇగో, ఇప్పుడు గూడ ఒర్రుతున్నవ్."

స్పీకర్‌ల ఇదంతా ఇన్న యార్డు డ్రైవర్లు నవ్విండ్రు. సావుకార్ లారీ తాళం చెవి జేబుల ఏసుకొని, కావాలంటే క్లీనర్‌గా రా అన్నడు.

కూలోని కూడు గుంజుకునే యజమాని మీద ఎందుకు కోపం రావాలో కార్మిక సంఘమోళ్లు పంచే చిన్న చిన్న పుస్తకాలల్ల చాలా చదివిన. ఈ రోజు గుంజినాయన నాలాంటి కూలోడే, అది గూడ నా పాణం బాగుండాలని. ఆయన మీద కోపం తెచ్చుకోవాల్నా వద్దా, ఏ పుస్తకంలోనూ రాయలే. నౌకరీ సంగతి ఏమైందని అమ్మ అడుగుతున్నది. మీరైతే ఏం చెప్తారు?