ఊపిరి చప్పుడు

అమలాపురంలో జాజ్ గిటార్ వాయించే దుర్గారావు, తోటి కళాకారులతో జంటగా వాయించి రికార్డు చేసేవాడు. కుడిచేతి గోళ్ళు పెంచి, రోజూ ఉప్పుకాగితంతో నున్నగా రుద్దుకునేవాడు. రికార్డింగయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని అవతలివాళ్ళ దగ్గు, కుర్చీ కిర్రు, ఊపిరి చప్పుడు ఒక్కొక్కటే ఏరి చెరిపేసేవాడు. తన వేళ్ళు తీగల మీద జారే చప్పుడు మాత్రం ఉంచేవాడు. పాటకి అదే ప్రాణమనేవాడు.

మామిడికుదురు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించిన సింహాద్రి, ఊపిరితిత్తులు పాడయ్యాక చివరిసారి అతనితోనే వాయించాడు. "క్లారినెట్ ఊదమన్నాను గానీ కొలిమితిత్తి కాదండీ సింహాద్రిగారూ!" అన్నాడు దుర్గారావు. "ఆయ్," అని నవ్వబోయి సింహాద్రి దగ్గాడు.

ఆయన పోయిన నెలకి భార్య సూర్యకాంతం వచ్చి ఆ పాట పెట్టమంది. కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"మధ్యమధ్యలో ఆయన ఊపిరి పీల్చుకునేవారు కదండీ, అది వినపడలేదేంటండీ?"

"మొత్తం తీసేశానమ్మా. చెరపకముందు రికార్డింగు కూడా ఉంచలేదు."

"నలభై ఏళ్ళు ఆ ఊపిరి పక్కనే పడుకున్నానండీ. దానికోసమే వచ్చేను."

దుర్గారావు పాట మళ్ళీ మొదటినించి పెట్టి, సౌండు పెంచాడు.

"ఇదిగో, ఇక్కడ నా వేళ్ళ చప్పుడు వినండమ్మా," అన్నాడు.