పాట ఆగిందని నాకు తెలియలేదు

మా బ్యాండులో పాట ఎలా మొదలవుతుందో ఎవరికీ తెలియదు. ఎలా ముగుస్తుందో మాత్రం అందరికీ తెలుసు. డ్రమ్స్ వాయించే తమ్ముడు కుడిచేతిలో కర్రను భుజం దాకా ఎత్తుతాడు. అది చూసి నలుగురం ఒక్కసారే చేతులు తీసేస్తాం. ముందుగా రాసుకున్న పాటలు మాకు లేవు. ఒకరు ఒక బాణీ ముక్క అందుకుంటారు, మిగతావాళ్లు దాని వెంట పడతారు, అది ఎటు తీసుకుపోతే అటు పోతాం. దీన్ని జామ్ అంటారని బ్యాండులో చేరాకే నాకు తెలిసింది. అమ్మకు చెబితే "ట్రాఫిక్ జామా?" అని అడిగింది. కాదమ్మా, ఒకే ముక్క పట్టుకుని చాలాసేపు దాని చుట్టూ తిరుగుతాం అని వివరిస్తే, "మరి గదే గదా" అంది.

నేను కీబోర్డు వాయిస్తాను. కళ్లు మూసుకుని వాయిస్తాను. అది స్టైలు కాదు, అలవాటు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. బడికి పంపితే మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరు నన్ను ఎత్తుకొచ్చి ఇంట్లో దింపేవారు. చివరికి బడి మాన్పించారు. అక్షరాలు అమ్మ బైబిలు ముందు పెట్టుకుని నేర్పింది, లెక్కలు కందిపప్పు గింజలతో నేర్పింది. నాయిన జీడిమెట్లలో డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, హార్మోనియం ముందు కూర్చోబెట్టేవాడు. "కండ్లు మూస్కో బిడ్డా. మెట్లను సూడకు. ఏలు ఏడికి పోవాల్నో ఏలుకే ఎరుక" అనేవాడు.

పెద్దయ్యాక చర్చిలో వాయించడం మొదలుపెట్టాను. అక్కడ కళ్లు తెరవాల్సిన అవసరమే రాలేదు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే వెనక మెల్లగా వాయించడం నా పని. పాట అయిపోయి మందిరమంతా నిశ్శబ్దమైందంటే, ఇక ప్రార్థన మొదలవుతుందని గుర్తు. ఆ నిశ్శబ్దం చెవిన పడగానే నా చేతులు వాటంతట అవే ఆ మెత్తటి స్వరాల మీదికి దిగిపోతాయి. దేవుడు నాకు బడి ఇవ్వకపోయినా ఈ చేతులిచ్చాడని రోజూ కృతజ్ఞతలు చెప్పుకుంటాను. అది నిజం. నలుగురిలో కూర్చున్నప్పుడు, నేను ఏ బడిలోనూ కూర్చోలేదని నా ముఖంలో కనబడుతుందేమో అని ముడుచుకుపోతాను. అదీ నిజమే.

నన్ను బ్యాండులోకి తీసుకెళ్లింది మా చర్చికి వచ్చే ఒక తమ్ముడు. మందుల కంపెనీలో షిఫ్టు పని, చేతికి బేస్ గిటారు. గిటారు వాయించే ఆయనది కోస్తా. ఉద్యోగం కోసం వచ్చి మేడ్చల్‌లో కొత్త కాలనీలో స్థిరపడ్డారు. డ్రమ్స్ తమ్ముడు దుండిగల్ రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. పెళ్లిళ్లలో, బోనాల్లో డప్పు కొట్టి పెరిగిన చెయ్యి అతనిది.

మొదట్లో గిటారు ఆయన మేడ మీద వాయించేవాళ్లం. కింది వాటావాళ్లు మెట్లెక్కి వచ్చారు, తర్వాత పక్కింటివాళ్లు, ఆఖరుకు కాలనీ అసోసియేషన్‌వాళ్లు. అక్కడి నుంచి శామీర్‌పేట వైపు ఒక ఖాళీ కోళ్ల షెడ్డులోకి మారాం. కోళ్లు పోయి చాలాకాలమైనా వాసన పోలేదు. వాన పడితే రేకుల చప్పుడులో ఎవరి వాద్యం వాళ్లకే వినబడదు. కరెంటు పోతే డ్రమ్స్ ఒక్కటే మిగిలేది. "సూడుండ్రి, సివరికి నేనే దిక్కు" అని ఆ తమ్ముడు ఇంకాస్త గట్టిగా కొట్టేవాడు. బేస్ తమ్ముడికి షిఫ్టు మారితే వారాలు గడిచినా కలవడం కుదిరేది కాదు. ఒకసారి డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, వాయిస్తూ వాయిస్తూ గోడకు ఆనుకుని నిద్రపోయాడు. వేళ్లు మాత్రం కదులుతూనే ఉన్నాయి. అతన్ని లేపలేదు, ఆ వేళ్ల వెంటే మేమూ వెళ్లాం.

అలా అలా మా వీడియోలు నలుగురి ఫోన్లలోకి వెళ్లాయి. ఒక కాలేజీ ఫంక్షనుకు పిలిచారు, ఇంకోచోట హాస్టలు ఆవరణలో వాయించాం. అన్నిచోట్లా బేస్ తమ్ముడు నా పక్కనే నిలబడి, కర్ర పైకి లేవగానే మోచేత్తో నన్ను తట్టేవాడు. ఎవరూ గమనించేవారు కాదు.

తర్వాత శామీర్‌పేటలో ఒక రిసార్టువాళ్లు పిలిచారు. పచ్చికలో టేబుళ్లు, కుటుంబాలు, భోజనాలు. నచ్చితే ప్రతి శనివారం మీకే ఇస్తామన్నాడు మేనేజరు. మాకు ఒక స్థిరమైన చోటు దొరికేలా ఉండడం అదే మొదలు. స్టేజీ వెడల్పుగా ఉంది. నన్ను తీసుకెళ్లి ఒక చివర ఎత్తు గద్దె మీద కూర్చోబెట్టారు. బేస్ తమ్ముడు అవతలి చివర.

"మేడమ్, మీరేం కంగారు పడకండి. మధ్యమధ్యలో ఓసారి మా వైపు చూస్తూ ఉండండి, చాలు" అన్నారు గిటారు ఆయన.

చూస్తానన్నాను.

ఆ సాయంత్రం వాయించినంత బాగా ఎప్పుడూ వాయించలేదు. గిటారు ఆయన ఒక చిన్న ముక్క వేస్తే దాన్ని తీసుకుని ఎక్కడెక్కడికో వెళ్లాం. నాకు నాయిన గుర్తొచ్చాడు. ప్రభువా, నీకు స్తోత్రం అనుకున్నాను లోపల. అంతలో నా చెవులకు నిశ్శబ్దం తగిలింది. చేతులు కిందికి దిగాయి. మెల్లగా, మెత్తగా, పాస్టరుగారి గొంతు కోసం ఎదురుచూస్తూ వాయిస్తున్నాను.

ఆ గొంతు రాలేదు. వెనక టేబుళ్ల నుంచి ఎవరో "ఆమేన్!" అని అరిచారు. నవ్వులు.

కళ్లు తెరిచాను. ముగ్గురూ ఎప్పుడో ఆపేశారు. డ్రమ్స్ తమ్ముడి కర్ర ఇంకా భుజం మీదే ఉంది. చప్పట్లు పడాల్సిన చోట నేను ప్రార్థన వాయిస్తున్నాను. ముందు టేబులు దగ్గర ఒక పెద్దాయన, ఆయన భార్య ప్లేట్లు పక్కన పెట్టి లేచి నిలబడి తలలు వంచుకుని ఉన్నారు. నా స్వరాలు విని నిజంగానే ప్రార్థన అనుకున్నారు. నవ్వులు విని ఆయన కళ్లు తెరిచి, చుట్టూ చూసి, భార్య చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. మళ్లీ ప్లేటు ముట్టుకోలేదు.

గిటారు ఆయన వెంటనే నా స్వరాలనే అందుకుని వాటి మీద ఒక కొత్త ముక్క అల్లేశారు. తమ్ముళ్లిద్దరూ కలిశారు. కావాలనే చేసినట్టు సర్దేశారు. నేను మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మేనేజరు మర్యాదగానే మాట్లాడాడు. "బాగుందండీ. ఆ చివర్లో భక్తి మాత్రం వద్దు. వచ్చే శనివారం ఇంకోసారి చూద్దాం" అన్నాడు.

ఆదివారానికల్లా ఆ వీడియో మా చర్చి గ్రూపులోకి వచ్చింది. ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశారు. "మంచిగ దేవునికి సాక్ష్యమిచ్చినవమ్మా. గంత మందిల ఎవలికి అస్తది గా ధైర్యం?"

అది ధైర్యం కాదు. ఆ నవ్వులు వినబడగానే, ప్రార్థన చేసుకునే మనిషినని పదిమందికి తెలిసిపోయినందుకే సిగ్గుతో చచ్చిపోయాను. బ్యాండు పాట చెడగొట్టానన్న సిగ్గు ఒకటి. ప్రార్థన గురించే సిగ్గుపడ్డానన్న సిగ్గు దాని మీద ఇంకొకటి. రెండోది ఇవాళ్టికీ మెత్తబడలేదు. పాస్టరమ్మగారి చెయ్యి భుజం మీద బరువుగా ఉంది. వందనాలమ్మా అని మాత్రం అన్నాను.

ఆ వారం షెడ్డుకు వెళ్లి మానేస్తానని చెప్పాను.

"ఎందుకు మానుతవక్కా?" అన్నాడు బేస్ తమ్ముడు.

"నా వల్ల మీకు ఆ చోటు పోతుంది. కళ్లు తెరిచి వాయించేవాళ్లను ఎవరినైనా పెట్టుకోండి."

"మరి నువ్వే తెరువరాదు?" అన్నాడు డ్రమ్స్ తమ్ముడు.

తెరిచి చూశాను. వేళ్లను చూస్తుంటే అవి ఎవరివో అన్నట్టున్నాయి. రెండు మెట్లకు ఒక తప్పు. కాసేపు ఓర్చుకుని ఆ తమ్ముడే ఆపేశాడు. "వద్దు తియ్యి అక్కా. నువ్వు కండ్లు తెరిస్తే నీ చేతులు మూసుకుంటున్నయ్."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఏడుపొచ్చింది.

బేస్ తమ్ముడు షెడ్డు మూల నుంచి ఒక ప్లైవుడ్ చెక్క ఈడ్చుకొచ్చాడు. నా కుర్చీ దాని మీద పెట్టాడు. తానూ ఒక చివర నిలబడి మడమతో ఒక్కటి కొట్టాడు. కుర్చీ కాళ్లలోంచి నా వెన్ను దాకా వచ్చింది ఆ దెబ్బ. "కర్ర లేసుడు నేను సూస్త. గిది నీకు తాకుతది. ఇగ నువ్వు కండ్లు తెరిసే పనే లేదు."

"స్టేజీ మీద మన ప్లేసులు కూడా మార్చేద్దామండీ" అన్నారు గిటారు ఆయన, అదొక పెద్ద విషయమే కానట్టు.

వాళ్ల దయకు దేవుణ్ణి స్తుతించాను. కానీ ఈ వయసులో నన్ను పసిపిల్లలా వేలు పట్టుకుని నడిపించాల్సి వస్తోందే అని తలెత్తలేకపోయాను. ఒక్క శనివారం చూసి, తేడా వస్తే వెళ్లిపోదామనుకున్నాను.

ఆ శనివారం చెక్కను ఆటో మీద కట్టి తెచ్చారు. "తొవ్వ పొడుగూత ఒకటే అడుగుడు, ఏందన్నా గిదని" అన్నాడు డ్రమ్స్ తమ్ముడు దింపుతూ. "మా అక్క బ్రేకు అని జెప్పిన."

వాయించే ముందు టేబుళ్లన్నీ వెతికాను. ఆ పెద్దాయన, ఆమె రాలేదు. రిసార్టు కదా, ఎందుకు మళ్లీ వస్తారు. అయినా వెతికాను.

ముగింపు పాట దాకా అన్నీ బాగానే జరిగాయి. మడమ తాకిన ప్రతిసారీ చేతులు తీశాను. ఆఖరి జామ్ బాగా పైకి వెళ్లింది. డ్రమ్స్ ఊపందుకుంది. అప్పుడు కుర్చీ కాళ్లలోంచి దెబ్బ వచ్చింది. తీసేశాను.

ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. గాలిలో ఏమీ మిగల్లేదు. నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి, ఎటూ దిగలేదు. ఒక్క క్షణం తర్వాత చప్పట్లు పడ్డాయి, పెద్దగా.

కళ్లు తెరిచాను. డ్రమ్స్ తమ్ముడి కర్ర భుజం దాకా లేవలేదు. దెబ్బ వేయబోయి సగంలో ఆగిన రెండు చేతులతో, నోరు తెరిచి నన్నే చూస్తున్నాడు. బేస్ తమ్ముడు వంగి పాదం దులుపుకుంటున్నాడు.

"చీమ కుట్టిందక్కా," అన్నాడు నాకు మాత్రమే వినబడేట్టు. "కాలు ఇదిలిస్తి, కావాలని కొట్టలే."

"అయితే మీరెందుకు ఆపారు?"

"నువ్వు చేతులు తీస్తివి గదా!"

అప్పుడు అర్థమైంది. వాళ్ల ముగ్గురి కళ్లూ నా చేతుల మీదే ఉన్నాయి. ఆ శనివారం మొదటి ముక్క నుంచీ, కర్ర కంటే ఎక్కువగా. నేను ఎక్కడ తప్పుతానో అని చూశారో, ఎక్కడ తప్పినా అక్కడే తామూ ఆగిపోదామని చూశారో, అడగలేదు. మేనేజరు దూరం నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు. గిటారు ఆయన నవ్వుతూ, "ఇంత బాగా మనం ఎప్పుడూ ఆపలేదండీ" అన్నారు. ఆ మెప్పు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. చీమకు దక్కాల్సింది నాకిచ్చారు.

సామాను సర్దుతుంటే డ్రమ్స్ తమ్ముడు చెక్కను భుజానికెత్తుకున్నాడు. "అక్కా, అచ్చే శనివారం గీ బ్రేకు నేనే ఏసుకొస్తనా? లేకపోతే మానేస్త మానేస్త అంటవా మల్ల?"

"నువ్వే తీసుకురా తమ్ముడూ" అన్నాను. కీబోర్డు కవరు జిప్పు పెడుతూ, తలెత్తకుండానే అన్నాను.