సమాధానానికి వచ్చిన ఒకే ముఖం

బొమ్మలేసే సమాధానం అనే మనిషికి ఉద్యోగం లేదు, యజమాని లేడు, అంగడి కూడా లేదు. ఉన్నదల్లా సైకిలు వెనక కట్టిన రంగుల పెట్టె. 1962 నాటికి నెల్లూరు నుంచి మైపాడు దాకా బోర్డుకైనా, శుభలేఖ డిజైనుకైనా, పడవ మీద పేరుకైనా జనం అతన్నే వెతుక్కునేవారు. అదీ అందరూ కలిసి డిసెంబరులోనే. నెల్లూరులో డిసెంబరంటే ముసురు. రంగు ఆరదు. ఒక బోర్డును ఇంటి గదిలో కుంపటి పక్కన పెట్టి, అది ఆరేలోగా ఇంకోటి మొదలుపెట్టేవాడు. కళ తపస్సని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఆ గదిలో ఒక్క పూట కూర్చుంటే టర్పెంటైను వాసనకే తపోభంగమయ్యేది.

అక్షరాలు ఎన్ని రకాలైనా రాస్తాడు గానీ ఆడమనిషి ముఖం మాత్రం అతనికి ఒకటే వచ్చు. భార్య నవోమిది. గుండ్రటి గడ్డం, కొంచెం విసుగ్గా చూసే కళ్లు. పళ్లపొడి బోర్డు మీదా ఆమే, చీరల కొట్టు గోడ మీదా ఆమే.

ఆ చలికాలం చర్చి సంఘ పెద్ద హెబ్రోను క్రిస్మస్ నాటకానికి తెర వేయమన్నాడు. పశువుల తొట్టి, శిశువు, పక్కన మరియమ్మ. బాగా కుదిరితే గుడి గోడల మీద బైబిలు వాక్యాలన్నీ రాయిస్తానన్నాడు. ఆ పని దొరికితే ఎండాకాలం దాకా తిండికి ఢోకా లేదు.

తెర హెబ్రోను వరండాలో ఆరుతోంది. పండగ ఇంకా మూడు రోజులుందనగా, రైసుమిల్లు పద్మనాభయ్య బియ్యం మూటతో పాటు హెబ్రోనుకు కొత్త క్యాలెండరు కూడా ఇచ్చాడు. దాని మీది లక్ష్మీదేవి బొమ్మ కూడా సమాధానం వేసిందే. హెబ్రోను క్యాలెండరు చూశాడు, తెర చూశాడు, సమాధానాన్ని పిలిపించాడు.

"ఏందబ్బయ్యా ఇది? మిల్లులో లక్ష్మి, మన గుడిలో మరియమ్మా?"

"ఇద్దరూ నవోమే, పెద్దయ్యా. ఒకరికి కిరీటం, ఒకరికి ముసుగు."

"ముఖం మార్చు. లేదంటే తెరా వద్దు, గోడలూ వద్దు."

"ఎదురుగా ఎవరన్నా కూర్చుంటే గదా ఇంకో ముఖం వచ్చేది."

ఒక ఇంటి ఆడపిల్లను కూర్చోబెడితే మిగతా ఇళ్లన్నిటికీ కోపం. హెబ్రోను తల పట్టుకున్నాడు. ఇంతలో అతని భార్య మగ్దలీనమ్మ పీట తెచ్చుకుని కూర్చుంది. యాభై దాటిన మనిషి, ముక్కుపొడి అలవాటు.

"నన్ను చూసి వెయ్యి, నాయనా. ముడతలు మాత్రం రానీబాక."

"నీకెందుకే ఇది?"

"నీ ప్రార్థనలకొచ్చినోళ్లందరికీ ముప్పై ఏండ్లు కాఫీలు కాచినాను. రెండ్రోజులు కూర్చుంటే ఏం పోతాది?"

పండగ సాయంత్రం శిశువు పక్కన సంఘ పెద్ద భార్య వెలిసింది. పాస్టరుగారు దగ్గి ఊరుకున్నారు. గోడల పని సమాధానానికి దక్కింది. ఇంట్లో మాత్రం నవోమి తేల్చేసింది.

"గుడిలో పనికిరాని ముఖం మిల్లులో మాత్రం ఎందుకు? ఇంక నన్ను యాడా వెయ్యబాక."

మరుసటి డిసెంబరుకు గోడలు సగమే అయ్యాయి. పద్మనాభయ్య మళ్లీ లక్ష్మీదేవిని అడిగాడు. సమాధానానికి మిగిలింది మగ్దలీనమ్మ ముఖమే. క్యాలెండర్లు బయటికొచ్చాక, పెద్దయ్య పిలుస్తాడని రెండు రోజులు ఇల్లు కదల్లేదు. పిలుపు రాలేదు. మూడోనాడు తనే పెద్దయ్య ఇంటికి వెళ్లాడు. క్యాలెండరు వంటింటి గోడకు వేలాడుతోంది. కింద మగ్దలీనమ్మ కాఫీ కాస్తోంది.

"తేదీలు చూసుకునేదానికి పెట్టినాం" అన్నాడు హెబ్రోను, అటు చూడకుండా. "రెండో గోడ ఎప్పుడు మొదలుపెడతావు?"